దిగుడురాయి ముందు ఆగిన మంట

మా ముత్తాత తండ్రి పాళెగార్ల కొలువులో గుర్రాల దళానికి పెద్ద. మా ముత్తాత తొమ్మిది ఊళ్ళకు పటేలు. మా తాతకు ఏటా దసరా దర్బారుకు మైసూరు నుంచి పిలుపు వచ్చేది. ఆయన జరీ తలపాగా చుట్టుకుని బయలుదేరితే పొలిమేర దాకా తప్పెటలు వెంట నడిచేవి. మా నాన్న కాలానికి పటేలగిరీ పోయింది, భూమిలో చాలా భాగం పోయింది, మిగిలిన దాంట్లో వేరుశనగ వరుసగా ఎండిపోయింది. అయినా ఆయన చనిపోయే రోజు వరకు ఆయన ముందు ఎవరూ కుర్చీలో కూర్చోలేదు. వాళ్ళ తరువాత నేను. డీజిల్ మెకానిక్‌ని.

ఈ వరుసంతా గొప్ప కోసం చెబుతున్నానని మీరనుకోవచ్చు. కొంత గొప్ప కోసమే. కానీ ఈ వరుస తెలియకపోతే, ఒక కొత్త డీజిల్ వ్యాను మాటిమాటికీ ఎందుకు పడుకుందో మీకు అర్థం కాదు. షెడ్డుల్లో కొత్తగా చేరుతున్న మీలాంటి వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. స్కానరులో కనిపించని కారణాలు కూడా కొన్ని ఉంటాయి.

ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ బస్సు డిపోలో పనిచేసి రిటైరై నేను తిరిగి వచ్చేసరికి మా ప్రాంతమంతా నీళ్ళు నిండినట్టు కనిపించింది. చిన్నప్పుడు ఎర్రమట్టి, తుమ్మచెట్లు, గాలికి లేచే దుమ్ము తప్ప ఏమీ లేని నేల అది. పావగడ దగ్గర తిరుమణి ఊరు దాటి బస్సు మలుపు తిరగగానే కొండల అడుగు వరకు నీలంగా ఒక చెరువు పరుచుకుని ఉంది. పొద్దు వాలేకొద్దీ ఆ చెరువు పడమటికి ఒరుగుతున్నట్టు అనిపించింది. కిటికీలోంచి చూస్తూ ఒక్క క్షణం నిజంగా నమ్మాను, వాన పడిందని. దగ్గరికి వస్తే సోలార్ పలకలు. ఇప్పటికీ మధ్యాహ్నం పూట కన్ను మూతపడితే నాకు అవి నీళ్ళలాగే కనిపిస్తాయి, వాటి అడుగున ఎక్కడో మా గుర్రాలు గడ్డి మేస్తున్నట్టుంటాయి.

ఆ పార్కులో పలకలు తుడిచేవాళ్ళను, గడ్డి కోసేవాళ్ళను, కరెంటు పనివాళ్ళను పొద్దున తీసుకువెళ్ళి సాయంత్రం దించే వ్యాన్లు ఇరవై దాకా ఉండేవి. వాటిని నడిపే కంపెనీ ఒక రేకుల షెడ్డు వేసి, నన్ను దానికి పెద్దగా పెట్టింది. పటేలు మనవడు ఒకరి దగ్గర మళ్ళీ జీతానికి చేరడమా అని బంధువులు అన్నారు. నేను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని చేరాను. నాలుగేళ్ళు అక్కడ చేశాను. ఒక్కరోజు తప్ప, గ్రీజు అంటిన చొక్కాతో ఇంటికి పోలేదు.

కొత్త వ్యాన్ల సంగతి రెండు మాటల్లో చెప్తాను. పాత బస్సు తన పొగను ఊరి మీదికి కక్కేది. కొత్త వ్యాను తన పొగను తానే మింగుతుంది. సైలెన్సరు దారిలో తేనెపట్టులాంటి ఫిల్టరు ఒకటి ఉంటుంది. మసి దాంట్లో ఆగిపోతుంది. అది నిండే వేళకు వ్యాను తనంతట తానే కాస్త డీజిల్ ఎక్కువ పోసుకుని, ఆ దారిని కొలిమిలా వేడెక్కించి, మసిని కాల్చేసుకుంటుంది. బయటికి మంటా కనిపించదు, పొగా కనిపించదు. ఇంజను గొంతు కొంచెం బరువెక్కుతుంది, కాలిన ఇనుము వాసన సన్నగా వస్తుంది, అంతే. దీనికి పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. మధ్యలో ఇంజను ఆపితే ఆ మంట ఆరిపోతుంది, మసి ఉన్నచోటే ఉండిపోతుంది, దాని కోసం పోసుకున్న డీజిల్‌లో కొంత కిందికి జారి ఇంజను ఆయిల్‌లో కలుస్తుంది.

ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. దాంట్లో యూరియా ద్రవం పోయాలి. పొగలోని విషగాలిని అది విరుస్తుంది. అది సీలు డబ్బాల్లో వస్తుంది, మలినం లేని నీళ్ళతో చేస్తారు. మా ఊళ్ళలో యూరియా అంటే చేనుకు చల్లేది. మా బోరు నీళ్ళు తాగితే పళ్ళే పసుపెక్కుతాయి. ఆ రెండింటినీ బకెట్టులో కలిపి ఆ ట్యాంకులో పోసిన మహానుభావులు నా కాలంలోనే ఇద్దరు పట్టుబడ్డారు. ఇద్దరి వ్యాన్లనూ కంపెనీ డ్యూటీ నుంచి తీసేసింది.

ఇక ఆ డ్రైవరు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ఉన్న భూమిని సోలారుకు గుత్తకిచ్చి, ఆ ధైర్యంతో అప్పు చేసి వ్యాను కొని, కంపెనీకి తిప్పుతున్నాడు. వాళ్ళ తాత మా తాతకు ఎద్దులబండి తోలేవాడు. మా ఇంట్లో బండి పోయి, ఎద్దులు పోయి, ఇల్లు కూడా పోయిన తరువాత నన్ను 'పటేలప్పా' అని పిలిచే మనిషి భూమ్మీద ఆయనొక్కడే మిగిలాడు. ఆ పిలుపు వినడానికి ఎంత బాగుండేదో ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

షెడ్డులో చేరిన మొదటి రోజు డ్రైవర్లూ షెడ్డువాళ్ళూ టీ తాగుతుంటే, ఎవరో దిగుడురాయి మాట ఎత్తారు. తిరుమణి నుంచి లోపలి బ్లాకులకు పోయే దారిలో ఒక మెరక ఉంది. ఆ మెరక మీద, పలకల మధ్య నాలుగు గుంటల, అంటే పది సెంట్ల, ఖాళీ నేలలో, ఛాతీ ఎత్తున ఒక నిలువురాయి. దాని మీద ఒకప్పుడు గుర్రం బొమ్మ ఉండేది. ఇప్పుడు తడిమితే చేతికి తెలుస్తుంది, కంటికి కనిపించదు. ఆ నాలుగు గుంటలే మా వంశం పేరు మీద మిగిలిన ఆఖరి నేల. కంపెనీ గుత్తకు అడిగితే నేను ఇవ్వలేదు.

"ఆ రాయి మీదేనంట కదా సార్. ఏం రాయి అది?" అని ఒక డ్రైవరు అడిగాడు.

"దిగుడురాయి," అన్నాను. "మా తాత కాలంలో దాని ముందు ఎవరూ బండి మీద కూర్చుని పోలేదు. దిగి, ఎద్దుల మువ్వలు చేత్తో పట్టుకుని, చప్పుడు లేకుండా నడిచి దాటేవాళ్ళు. రాయి సొంతదారులు మాత్రం దిగనక్కరలేదు. ఇప్పుడు మీరంతా హారన్లు కొట్టుకుంటూ పోతున్నారు."

నవ్వారు. నేనూ నవ్వాను. బండి తోలిన వాళ్ళ మనవడు ఒక్కడే నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "మా తాత దిగేటోడు. నేను చూసినా," అన్నాడు. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆయన వ్యాను నాలుగు నెలలకు మొదటిసారి పడుకుంది. అంటే ఆగిపోలేదు. మీటరు మీద పసుపు దీపం వెలిగి, ఎంత తొక్కినా ముప్పై దాటక, ముసలి గేదెలా షెడ్డుకు నడిచి వచ్చింది. ఫిల్టరు నిండిపోయింది. అట్లాంటప్పుడు షెడ్డులో నిలబెట్టి, వ్యాను లోపలి లెక్కలు చదివే స్కానరు తగిలించి, దాంతో ఆజ్ఞ ఇచ్చి, మసిని కాల్చే పద్ధతి ఉంది. కాల్చాము. పది రోజులకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ కాల్చాము. తొమ్మిది రోజులకు మళ్ళీ.

స్కానరు చూసేది ఒక ఆమె. అరసికెరె పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ఇద్దరు బిడ్డల తల్లి. డిప్లొమా చదివింది. తండ్రి వేరుశనగ రైతు. నా ముక్కు మీద నాకున్న నమ్మకానికి, ఆమె తన తెర మీద పెట్టుకున్న నమ్మకానికి రోజూ కొట్లాట.

మూడోసారి వ్యాను వచ్చిన రోజు డ్రైవరు నవ్వుతూ దిగాడు.

"ఒక విచిత్రం పటేలప్పా. అందరికీ ఆయిల్ తగ్గతాది, నాకు పెరగతాండాది. కడ్డీ తీసి చూస్తే గుర్తు దాటి ఉండాది. మా ఇంటి దేవుడు చూస్తాండాడు నన్ను."

"దేవుడు కాదు, ఎవడో ఎక్కువ పోసుంటాడు," అన్నాను.

అక్కడ ఆగండి. ముప్పై నాలుగేళ్ళకు పైగా ఇంజన్ల మధ్య బతికినవాణ్ణి. ఆయిల్ పెరిగిందని ఒక మనిషి నోటితో చెబుతుంటే, ఆ కడ్డీ తీసి ఒక్కసారి వాసన చూసి ఉంటే డీజిల్ గుప్పుమనేది. సగం సంగతి అక్కడే తేలిపోయేది. నేను చూడలేదు. ఎందుకంటే అదే క్షణంలో నా కన్ను వేరేచోట పడింది. యూరియా ట్యాంకు మూత చుట్టూ తెల్లగా పొడి పేరుకుని ఉంది. వ్యాను వెనక సీటు కింద, మూతి కట్టిన యూరియా మూట.

"భూమి సోలారుకు ఇచ్చినావు కదా. ఈ మూట ఎందుకు?" అన్నాను.

"మా అక్క రాగి చేనికి. పావగడలో తీసుకొని ఈ దోవలోనే కదా పోతా, వేసుకొచ్చినా."

"ట్యాంకు మూత దగ్గర ఈ తెలుపేంది మరి?"

ఆయన నా మొహంలోకి చూశాడు. నా మాట ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమైన తరువాత ఆ మొహం మూసుకుపోయింది.

"నేను చేను యూరియా కలిపినానంటారా?"

లోపలికి పోయి రిపోర్టు రాశాను. 'కారణం: డ్రైవరు కల్తీ' అని మూడు మాటలు. నా చేతిరాత చాలా బాగుంటుంది. మా తాత చేతిరాత.

స్కానరు ఆమె బల్ల మీదికి వంగి చదివింది. "సార్, డబ్బా ద్రవం ఒలికినా ఎండితే తెల్లగానే అయితాది. ట్యాంకులోది పరీక్ష చెయ్యకుండానే రాసేస్తారా?"

"నాకు పరీక్ష అక్కరలేదమ్మా. మనుషుల్ని చూస్తే తెలుస్తుంది."

"అయితే స్కానరు ఎత్తి అటక మీద పెడతా," అని వెళ్ళిపోయింది.

రిపోర్టు తుమకూరు వైపు నుంచి వచ్చిన సైటు మేనేజరు దగ్గరికి పోయింది. కంపెనీ నియమం ప్రకారం కల్తీ చేసిన వ్యానుకు డ్యూటీ లేదు. ఆయన ఆ వారం చివరి వరకు గడువిచ్చి, సోమవారం నుంచి వేరే వ్యాను పెట్టమన్నాడు. కబురు నేనే చెప్పాను. భూమి సోలారు పలకల కింద ఉంది, వ్యాను అప్పులో ఉంది, డ్యూటీ లేని వ్యాను ఇంటి ముందర ఇనుము. ఇదంతా ఆయనకు నేను చెప్పనక్కరలేదు.

అంతా విని, "మీరు రాసినారంటే రాసినట్లే సార్," అన్నాడు.

సార్. పటేలప్ప కాదు. ఆ మధ్యాహ్నమంతా షెడ్డు రేకులు ఎండకు టిక్కుటిక్కుమంటుంటే ఆ రెండక్షరాలే వినిపించాయి.

శుక్రవారం పొద్దున స్కానరు ఆమె నా బల్ల ముందు నిలబడింది. గెలిచినవాళ్ళ మొహం పెట్టలేదు. అది ఆమె మంచితనం.

"ట్యాంకులోది పరీక్ష చేసినా సార్. శుద్ధంగా ఉండాది. బోరు నీళ్ళు లేవు, చేను యూరియా లేదు. ఆయిల్ కడ్డీ వాసన చూసినా. డీజిల్. ఇంకోటి చూడండి." తెర నా వైపు తిప్పింది. "మసి కాల్చేది ఈ వ్యాను ముప్పై ఒక్కసారి మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా ముగించలే. మన షెడ్డులో కాల్చిన రెండుసార్లు తప్ప."

"దారిలో ఎక్కడో ఆపుతున్నాడు."

"రోజూ పన్నెండు, పదమూడు నిమిషాలకు ఆగతాండాది. రోజూ అదే జాగాలో ఆపినట్లు."

ఎక్కడ అని నేను అడగలేదు. ఇంటి నుంచి షెడ్డుకు నేను వచ్చే దారి వేరు. ఆ మెరక మీదికి నేను పోయి ఏడాది దాటింది. కానీ తిరుమణి నుంచి పన్నెండు నిమిషాల్లో ఏముంటుందో నాకు లోపల ఎక్కడో తెలిసిపోయింది. తెలిసినదాన్ని కళ్ళతో చూస్తే తప్ప ఒప్పుకోనని అనుకున్నాను.

శనివారం పొద్దున ఆయన వ్యానులో ఎక్కాము. పనివాళ్ళను వేరే వ్యానులో పంపించాము. నేను ముందు సీట్లో, స్కానరు ఆమె వెనక, తీగ డాష్‌బోర్డు కింద తగిలించుకుని. ఎండ అప్పుడే ఎక్కుతోంది. రెండు వైపులా నీలం పలకలు, వాటి మీద మేఘాల నీడలు. వ్యాను నేల మీద పోతున్నట్టు లేదు. గట్టు మీద నడిచే మనిషికి నీళ్ళలో తన నీడ తోడు నడిచినట్టు, మా తెల్ల వ్యాను నీడ పలక నుంచి పలకకు దూకుతూ మాతో వచ్చింది.

ఏడో నిమిషంలో ఇంజను గొంతు మారింది.

"మొదలైంది సార్," అంది ఆమె. "వేడి నాలుగు వందలు. ఐదు వందలు. ఐదు వందల ఎనభై." కొంచెం ఆగి, "మసి తొంభై రెండు. ఎనభై తొమ్మిది. ఎనభై ఐదు. దిగతాండాది."

సన్నగా కాలిన ఇనుము వాసన వచ్చింది. మా కాళ్ళ కింద, రేకు అవతల, ఎవరికీ కనిపించని కొలిమి ఎర్రగా మండుతోంది. నాకు నిద్ర వచ్చినట్టుంది, కల వచ్చినట్టుంది. చిన్నప్పుడు బండిలో తాత పక్కన కూర్చుంటే ఎద్దుల మువ్వలకు కళ్ళు వాలేవి. అట్లా.

"డెబ్బై ఎనిమిది. డెబ్బై ఒకటి."

మెరక వచ్చింది. పైన రాయి. నేను గుత్తకివ్వని నాలుగు గుంటల్లో, పలకల మధ్య ఒంటి పన్నులా.

ఆయన కుడికాలి చెప్పు వదిలాడు. ఎడమకాలి చెప్పు వదిలాడు. చెయ్యి తాళం మీదికి పోయింది. ఇంజను ఆగిపోయింది.

ఎంత నిశ్శబ్దం! టైర్ల కింద గులకరాళ్ళు తప్ప చప్పుడు లేదు. వ్యాను వచ్చిన ఊపుకు మెరక దాటి అవతలి పల్లంలోకి తనంతట తాను జారుతోంది. ఆయన ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, రాయి వైపు కొద్దిగా తల వంచాడు. మా వంశానికి అంత అందంగా ఎవరూ ఎప్పుడూ దండం పెట్టి ఉండరు. ఇంజను లేకుండా పల్లంలో వ్యాను జారితే బ్రేకు బిగుసుకుంటుందని, మనుషులు చస్తారని ఒక మెకానిక్‌గా నాకు తెలుసు. అయినా ఆ వంచిన తలనే చూస్తూ కూర్చున్నాను.

"అయిపోయింది. ఆగిపోయింది," అంది వెనక నుంచి ఆమె. "అరవై ఆరు దగ్గర."

పల్లం అడుగున ఆయన మళ్ళీ ఇంజను వేశాడు. అప్పుడు అడిగాను.

"ఎప్పటి నుంచి చేస్తున్నావు ఇది?"

"మీరు చెప్పినప్పటి నుంచి."

"నేను ఇంజను ఆపమన్నానా?"

"చప్పుడు చెయ్యకుండా పోయేటోళ్ళు అన్నారు కదా. దిగి నడిచే దానికి లేదు, వెనకాల ఇరవై మంది కూర్చోనుంటారు. అందుకే అది ఆపుకొని పోతాండా. మా తాత దిగి నడిచిన జాగా సార్ అది. నేను కూర్చోని పోయేదే ఎక్కువ."

"మిగతావాళ్ళు?"

"వాళ్ళు హారన్ కొట్టకుండా పోతారు. ఒకిద్దరు అది కూడా లేదు." గేరు మారుస్తూ అన్నాడు. "వాళ్ళ తాతలు బండి తోల్లేదు కదా."

వ్యాన్లన్నీ ఒకే దుమ్ములో తిరుగుతుంటే ఈయనదొక్కటే ఎందుకు పడుకుంటోందో ఇక అడగాల్సిన పని లేకపోయింది. మా షెడ్డులో అందరికంటే మర్యాద తెలిసిన డ్రైవరు ఆయన. ఆ మర్యాద రోజూ పన్నెండో నిమిషంలో మంటను ఆర్పింది. ఆ మర్యాదను అడిగి పుచ్చుకున్నది నేను. దానికి ఆయన మీద కల్తీ అని రాసింది కూడా నేనే.

"రేపటి నుంచి ఆపొద్దు," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నా చేత కాదు. మీరు ఊరికే చెప్తాండారు, లోపల మీకు కష్టంగానే ఉంటాది. ఇంకోటి, మీరు చెప్తే నేను వింటా, నా చెయ్యి వినదు. ఆడికి వస్తానే అదే తాళం మీదికి పోతాది."

స్కానరు ఆమె వెనక నుంచి నవ్వింది. "సొంతదారులు దిగనక్కర్లేదన్నారు కదా సార్. ఆ రాయి ఆయనకే ఇచ్చేయండి. రిపేరు అయిపోతాది."

నాకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, తలుపు తీసుకుని దిగి, బానెట్ చుట్టూ తిరిగి డ్రైవరు వైపు వచ్చాను. "దిగు," అన్నాను.

"ఏంది సార్?"

"నేను తోలతాను. ఇది ఇవాళ కాలి తీరాలి. మళ్ళీ కింద నుంచి వద్దాము."

వెనక్కు తిప్పుకుని, తారురోడ్డు మీద కొంతదూరం పోయి, వేడెక్కించి తెచ్చాను. మంట మళ్ళీ మొదలైంది. మెరక కనిపించగానే ఆయన, "ఒక్క నిమిషం," అన్నాడు. నెమ్మది చేశాను గానీ ఇంజను ఆపలేదు. ఆయన తలుపు తీసి, చెప్పులు చేతిలో పట్టుకుని దిగిపోయాడు.

"మీరు పోండి. నేను నడిచి వస్తా."

అట్లా దాటాను నేను మా దిగుడురాయిని. నా వంశంలో దాని ముందు అంత రొద చేసినవాడు లేడు. మూడో గేరులో, ఇంజను గొంతు చించుకుంటుంటే, వీపు నిటారుగా పెట్టుకుని, రాయి వైపు చూడకుండా. చూడలేదు గానీ చూసినట్టే ఉంది. ఎండలో అది కొంచెం కదిలినట్టు, గుర్రం చెవి విదిల్చినట్టు. అద్దంలో మాత్రం ఆయన కనిపించాడు. ఒట్టి కాళ్ళతో, దుమ్ములో, తల వంచుకుని నడిచి వస్తున్నాడు. పటేలు మనవడు బండి మీద, బండి తోలేవాడి మనవడు నేల మీద. ఏం మారింది అని నాకు నేనే అనుకున్నాను. వ్యాను ఆయనది, అంతే.

"యాభై. నలభై ఒకటి. ముప్పై," అని ఆమె చదువుతూ ఉంది. మంట ఆరకూడదు కాబట్టి ఆయన కోసం ఆగలేదు. పలకల మధ్య దారుల్లో తిప్పుతూనే ఉన్నాను. నీలం నీళ్ళు అటు, నీలం నీళ్ళు ఇటు. ఏ మలుపు తిరిగినా అవే. అట్లా ఎంతసేపు తిరిగానో తెలియదు. "మూడు. ముగిసింది సార్. దారిలో మొదటిసారి ముగిసింది," అని ఆమె అంటే మెలకువ వచ్చినట్టయింది.

తిరిగి వచ్చేసరికి ఆయన మెరక నడిచి దాటి, కంచె నీడలో కూర్చుని ఉన్నాడు. వ్యాను ఎక్కి, ముక్కుతో గాలి పీల్చి, ఇంజను చప్పుడు కాసేపు విన్నాడు.

"తేలికైంది మేస్త్రీ," అన్నాడు.

మేస్త్రీ! డిపోలో ముప్పై నాలుగేళ్ళు నన్ను ఎవరూ అట్లా పిలవలేదు. పిలవనివ్వలేదు నేను. చేతులు నల్లగా ఉన్నవాణ్ణి పిలిచే మాట అది. ఆ రోజు స్టీరింగు మీద నా చేతులు చూసుకున్నాను. నల్లగానే ఉన్నాయి. ఎప్పటి నుంచి నల్లగా ఉన్నాయో.

షెడ్డుకు వచ్చి పాత రిపోర్టు చించి కొత్తది రాశాను. డ్రైవరు తప్పు లేదని, ద్రవం శుద్ధమని, ఆయిల్ మార్చామని రాశాను. కారణం దగ్గర, 'దారిలో ఉన్న మా కుటుంబపు రాయి ముందు మర్యాదకు ఇంజను ఆపడం. ఆ మర్యాద కోరినది నేను' అని రాసి సంతకం పెట్టాను. అది పట్టుకుని నేనే పోయి మేనేజరు ముందు నిలబడ్డాను. ఆయన కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

ఆయన రెండుసార్లు చదివి, కన్నడంలో, "కారణంలో రాయి అని రాస్తే పైవాళ్ళు నన్ను పిచ్చివాడంటారు సార్," అన్నాడు.

"మనిషి అని రాసుకోండి. నా పేరు వేసుకోండి."

కాసేపు నా తెల్ల చొక్కా వైపు చూశాడు. దాని మోచేతి మీద, నా ఉద్యోగంలో మొదటిసారి, గ్రీజు మరక ఉంది. 'డ్రైవింగ్ అలవాటు, సరిచేయబడింది' అని మార్చి రాసుకుని, సోమవారం డ్యూటీ ఆ వ్యానుకే ఇచ్చాడు.

సరిచేయబడలేదు. సోమవారం మళ్ళీ ఆయన చెయ్యి తాళం మీదికి పోయిందట. మంగళవారం కూడా. ఆయనే వచ్చి చెప్పాడు, తప్పు చేసినవాడిలా. "చెయ్యి వినదన్నా కదా పటేలప్పా." మళ్ళీ పటేలప్ప. ఆ పిలుపు కోసం నేను ఎంత ఎదురుచూశానో! అది వినగానే ఇంకో ఫిల్టరు నిండుతున్నట్టు అనిపించింది.

ఆ వారమంతా సాయంత్రం పూట మెరక మీదికి పోయి ఆ రాయి దగ్గర కూర్చున్నాను. పొద్దు వాలుతుంటే పలకలన్నీ ఒకటిగా పడమటికి ఒరిగేవి. నీలం నలుపయ్యేది. చేత్తో గుర్రాన్ని తడిమేవాణ్ణి. వీపు దొరికేది, మెడ దొరికేది, మీద కూర్చున్న మనిషి మాత్రం ఎంత తడిమినా దొరకలేదు. ఎప్పుడో అరిగిపోయాడు.

ఎనిమిదో రోజున ఆ నాలుగు గుంటల కాగితాలు సంచిలో పెట్టుకుని ఆయన ఇంటికి పోయాను. ఆయన మొదట వద్దన్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వాళ్ళక్క లోపలి నుంచి, "సొంత జాగా ముందర ఎవురన్నా బండి దిగతారా? తీసుకోరా!" అని అరిచింది.

రాయి మీద గుర్రం మా వాళ్ళదేనని నేను ఇప్పటికీ అంటాను. ఆ తరువాత ఆ వ్యాను మసి నిండి షెడ్డుకు రాలేదు. పావగడ రిజిస్ట్రారు ఆఫీసులో కాగితం ఇట్లా రాశారు: నాలుగు గుంటల ఖాళీ జాగా, అందులో నిలువురాయి ఒకటి, అమ్మకమైనది.